అడ్డం, నిలువు: ‘అందరికీ తెలిసిన’ విషయాల చరిత్ర

మన పాఠశాల పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సంచికకు ఒక చరిత్ర వ్యాసం కావాలని సంపాదకవర్గం అడిగింది. రాజుల గురించి, యుద్ధాల గురించి రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. నేను మాత్రం వారపత్రిక వచ్చిన రోజున బడి గ్రంథాలయంలో అందరి చేతుల్లోనూ నలిగిన ఒక పేజీ చరిత్ర రాస్తున్నాను. అదే గళ్ళ నుడికట్టు. పెద్దవాళ్ళు పదబంధ ప్రహేళిక అనేవారు, మనం పజిల్ అనేవాళ్ళం.

అందులో గళ్ళకన్నా, జవాబులకన్నా, పక్కన చిన్న అక్షరాల్లో అచ్చయ్యే ఆధారాలే నాకు ఎక్కువ ఆసక్తి. ఆధారం రాసేవాడు ప్రతిసారీ ‘ఇది చదివేవాళ్ళకు తెలిసే ఉంటుంది’ అని ఒక ఊహ చేస్తాడు. ఏది తెలిసి ఉంటుందనుకున్నాడు, ఎవరికి తెలిసి ఉంటుందనుకున్నాడు అని చూస్తే, ఆ కాలంలో ‘జనరల్ నాలెడ్జ్’ అనే మాటకు ఏం అర్థముందో తెలిసిపోతుంది.

ఈ ఆట పుట్టింది అమెరికాలో. లివర్‌పూల్ నుంచి అక్కడికి వలస వెళ్ళిన ఆర్థర్ విన్ అనే పత్రికా ఉద్యోగి 1913 డిసెంబరు 21న ‘న్యూయార్క్ వరల్డ్’ ఆదివారం అనుబంధంలో వజ్రం ఆకారపు పజిల్ ఒకటి అచ్చువేశాడు. దానికి ‘వర్డ్-క్రాస్’ అని పేరు పెట్టాడు. కొద్ది వారాల్లోనే అచ్చులో మాటలు తారుమారై ‘క్రాస్-వర్డ్’ అయింది, అదే నిలిచిపోయింది. ఆ మొదటి పజిల్‌లోనే రెండు రకాల ఆధారాలూ ఉన్నాయి. రష్యాలో ఒక నది పేరు అడిగాడు, జవాబు నీవా. గోముటి అనే తాటిజాతి చెట్టు నారను ఏమంటారని అడిగాడు, జవాబు డో. వీటి పక్కనే, బేరాలు వెతుక్కునేవాళ్ళకు ఏది ఇష్టం అనీ అడిగాడు, జవాబు సేల్స్. మొదటి రెంటికీ పుస్తకం తిరగెయ్యాలి, మూడోదానికి బజారుకు వెళ్ళివస్తే చాలు. నూరేళ్ళుగా సాగుతున్న తగవు అక్కడే మొదలైంది.

1924లో సైమన్, షుస్టర్ అనే ఇద్దరు యువకులు కొత్తగా పెట్టిన ప్రచురణ సంస్థ, పెన్సిలు జతచేసి మొదటి క్రాస్‌వర్డ్ పుస్తకాన్ని విడుదల చేసింది. దేశమంతా ఆ పిచ్చిలో పడింది. ‘న్యూయార్క్ టైమ్స్’ మాత్రం అది కాలాన్ని వృథా చేయడమేనని తీసిపారేసింది. ఆ పట్టు 1941 డిసెంబరులో పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగేదాకా సాగింది. యుద్ధవార్తల మధ్య పాఠకులకు కాస్త ఊరట కావాలని అప్పుడు తోచింది. 1942 ఫిబ్రవరి 15న టైమ్స్ తన మొదటి పజిల్ వేసింది. దాని తొలి సంపాదకురాలు మార్గరెట్ ఫారర్. గళ్ళ అమరికకు సౌష్ఠవం ఉండాలని, ఉదయం ఫలహారం వేళ పూరించే ఆటలో రోగాలు, చావుల ప్రస్తావన ఉండకూడదని ఆమె పెట్టిన పద్ధతులు ఇప్పటికీ చాలావరకు నడుస్తున్నాయి.

1977లో ఆ కుర్చీలోకి యూజీన్ మలెస్కా వచ్చాడు. ఒకప్పుడు లాటిన్ చెప్పిన ఉపాధ్యాయుడు. ఆయన దృష్టిలో తెలుసుకోదగ్గ విషయాలంటే ప్రాచీన భాషలు, సంగీత నాటకాలు, సాహిత్యం, భూగోళం. సినిమాలు, టీవీ, సరుకుల పేర్లు ఆయనకు గిట్టేవి కావు. ఒక ఉదాహరణ చాలు. ఓ, ఆర్, ఈ, ఓ అనే నాలుగు అక్షరాల జవాబుకు ఆయన కాలంలో వచ్చిన ఆధారం, పర్వతాన్ని సూచించే గ్రీకు మూలపు ముందుమాట. ఓరియో బిస్కట్టు 1912 నుంచీ అమెరికా దుకాణాల్లో ఉంది, అంటే క్రాస్‌వర్డ్‌కన్నా ఒక ఏడాది పెద్దది. పిల్లలందరికీ తెలిసిన ఆ బిస్కట్టును వదిలి, కొద్దిమంది పండితులకు తెలిసిన కొండను పట్టుకున్నారు.

1993లో మలెస్కా తర్వాత విల్ షార్ట్జ్ వచ్చాడు. ప్రహేళికల శాస్త్రంలోనే పట్టా పుచ్చుకున్న మనిషి. ఆయన వచ్చాక ఓరియో బిస్కట్టే అయింది. సినిమా తారలు, పాటల బృందాలు, టీవీ పాత్రలు, వ్యాపార నామాలు గళ్ళలోకి ధారాళంగా వచ్చాయి. ప్రమాణాలు పడిపోయాయని పాత పాఠకులు కొందరు వాపోయారు. ఇప్పుడు మాకూ చోటు దొరికిందని యువకులు సంతోషించారు.

ఇక్కడ గళ్ళ నిర్మాణం గురించి ఒక మాట చెప్పాలి. అమెరికన్ పజిల్‌లో ప్రతి అక్షరమూ అడ్డంలోనూ నిలువులోనూ పలకాలి, ఏ మాటకైనా కనీసం మూడక్షరాలుండాలి. అందువల్ల అచ్చులు ఎక్కువున్న చిన్న మాటలకు గిరాకీ. 1934లో వచ్చిన ‘ది థిన్ మ్యాన్’ సినిమాలోని ఆస్టా అనే కుక్క ఇప్పటికీ గళ్ళలో బతికి ఉండటానికి కారణం అదే. మన చీర, రాణి, రాగం, నాన్, ఆగ్రా అక్కడ తరచూ కనబడేదీ అందుకే.

అడ్డం తెలియకపోతే నిలువు సాయం చేయడమే ఈ ఆటలోని ధర్మం. రెండూ తెలియని పేర్లే అయితే ఆ ధర్మం తప్పినట్టే. 2008లో టైమ్స్ పజిల్‌లో నేటిక్ అనే ఊరి పేరు, ఎన్.సి. వైయెత్ అనే చిత్రకారుడి పేరు ఒకే గడి దగ్గర కలిశాయి. రెండూ తెలియనివారికి ఊహే గతి. మైఖేల్ షార్ప్ అనే విమర్శకుడు దాన్ని ఎత్తిచూపాక, అలాంటి గడిని ఆ లోకంలో నేటిక్ అనే పిలుస్తున్నారు. 2020లో వందలమంది రూపకర్తలు, పాఠకులు టైమ్స్‌కు బహిరంగ లేఖ రాశారు. ఆధారాలను ఎంచే సంపాదక బృందంలో స్త్రీలకూ, శ్వేతజాతీయులు కానివారికీ చోటు పెరగాలన్నారు. ‘అందరికీ తెలుసు’ అనే మాటలో ఆ ‘అందరూ’ ఎవరన్నదే వారి ప్రశ్న.

ఇక మన సంగతి. తెలుగులో ఒక గడికి ఒక అక్షరం. గుణింతంతో, ఒత్తుతో సహా ‘స్త్రీ’ అనే మాట మొత్తం ఒకే గడిలో ఇమిడిపోతుంది. ‘త్రి’ ఉన్నచోట నిలువులో కూడా రాత్రి, మంత్రి, త్రిశూలం లాంటి మాటే దొరకాలి, ‘తి’ పనికిరాదు. ఇంత కట్టుబాటు ఉన్నా శ్రీశ్రీ, ఆరుద్ర లాంటి కవులు ఈ ఆటను చేపట్టి, ఆధారాల్లో చమత్కారాన్ని పండించారు. ‘తడబడిన’ అంటే అక్షరాలు కలగాపులగమయ్యాయని, ‘తోక లేని’ అంటే చివరి అక్షరం పోయిందని పాఠకులకు అలవాటైపోయింది.

అమెరికాలో లాటిన్ పండితుడికీ సినిమా ప్రేక్షకుడికీ మధ్య ఉన్నంత దూరం మనకు లేదని నా అభిప్రాయం. ‘సావిత్రి’ అనే మూడు గళ్ళ జవాబు తీసుకోండి. యముణ్ణి మెప్పించి భర్త ప్రాణాలు తెచ్చుకున్న పతివ్రత అంటే మా నాయనమ్మ చెబుతుంది. శ్రీ అరవిందుల ఆంగ్ల మహాకావ్యం అంటే తత్వం చదివినవారు చెబుతారు. ‘మాయాబజార్’లో శశిరేఖ అంటే మా నాన్న తరం చెబుతుంది. 2018 నాటి ‘మహానటి’ ఎవరి కథ అంటే మనవలు చెబుతారు. నాలుగు ఆధారాలు, నాలుగు తరాలు, జవాబు ఒకటే. పౌరాణిక సినిమా మన పండితుణ్ణీ నేల టిక్కెట్టు ప్రేక్షకుణ్ణీ ఒకే హాల్లో కూర్చోబెట్టింది.

బడిలో మాత్రం ఆ సమానత్వం ఉండేది కాదు. క్విజ్ పోటీల్లో రాజధానులు, కరెన్సీలు చెప్పినవాడికి బహుమతి, సినిమాల సంవత్సరాలు గడగడా చెప్పినవాడికి చీవాట్లు. గ్రంథాలయంలో పజిల్ బల్ల దగ్గర అది తిరగబడేది. మా తరగతిలో చివరి బెంచీ మిత్రుడొకడు ‘రాముడు భీముడు’ అని పూరిస్తేనే, మొదటి బెంచీ వాడికి నిలువులో ఆగిపోయిన నది పేరు తట్టేది. ఎవరికి తెలిసింది ఎక్కువ అనే ప్రశ్న అక్కడ తలెత్తేది కాదు, గడి నిండితే చాలు.

యాభై ఏళ్ళ బ్యాచ్‌లన్నీ ఒకచోట చేరుతున్న ఈ ఉత్సవానికి ఒక సూచన. సభ రోజున ఒక పెద్ద గళ్ళ నుడికట్టు గోడకు అంటిద్దాం. ఒక్కో జవాబుకు పాత బ్యాచ్ ఒక ఆధారం, కొత్త బ్యాచ్ ఒక ఆధారం రాసి ఇవ్వాలి. పాతవారు అడ్డం పూరించాలి, కొత్తవారు నిలువు. పెన్సిళ్ళు నేను తెస్తాను.