దీవి కన్నా ముందు పుట్టిన సత్రాలు

తెలుగువాళ్లకు సత్రం అంటే బాటసారి తలదాచుకునే చోటు. అస్సాంలో బ్రహ్మపుత్ర నడుమ ఉన్న మాజులి దీవిలో అదే మాటకు వైష్ణవ మఠమని అర్థం. మూలం మాత్రం ఒక్కటే, ఏళ్ల తరబడి సాగే సత్రయాగం. భాగవతం మొదలయ్యేదే అలాంటి చోట: నైమిశారణ్యంలో శౌనకాది మునులు సత్రయాగానికి కూర్చుని సూతుడి నోట కథ వింటారు. పోతనను చదివినవారికి ఈ ఘట్టం కొత్త కాదు. పదిమంది కూడి వినడమన్నది పేరులోనే ఉంది. అయినా మాజులి గురించి రాసేవారు చాలామంది, సన్యాసులు ఏకాంతం కోసం దీవిని వెతుక్కున్నారనే చెబుతారు. నా దృష్టిలో అది కథను తలకిందులు చేయడమే.

ఈ సత్రాల సంప్రదాయానికి మూలమైన వైష్ణవ గురువు శంకరదేవుడు 16వ శతాబ్ది తొలి భాగంలో ఇక్కడి ధువాహాట–బెలగురికి వచ్చాడు. తల్లి జబ్బు నయమైతే దేవికి మేకలు బలిస్తానని మొక్కుకున్న మాధవదేవుడు ఆయనతో వాదానికి దిగి, ఓడి, శిష్యుడయ్యాడు. అప్పటికి మాజులి ఇప్పటి దీవి కాదు. ఉత్తరాన బ్రహ్మపుత్ర, దక్షిణాన బుఢీ దిహింగ్ పారుతుంటే, వాటి మధ్య సాగిన సన్నటి నేల. 17వ శతాబ్ది రెండో సగంలో భూకంపాలు వరసగా వచ్చాయి. 1750 ప్రాంతపు పెద్ద వరదతో బ్రహ్మపుత్ర దక్షిణానికి ఒరిగి దిహింగ్ దారిలో పడిందని, పాత పాయ ఖెర్కటియా సూతిగా చిక్కిపోయిందని చెబుతారు. అహోం రాజు జయధ్వజ సింహుడి పోషణలో ఔనియాటి సత్రం వెలసింది 1653లో, అంటే ఆ వరదకు దాదాపు వందేళ్ల ముందు.

రెండు నదుల నడుమ నేల ఎప్పుడైనా దీవిలాంటిదే కదా అనవచ్చు. కానీ అలాంటి ఒండ్రునేల సాగుకూ జనానికీ అనువైనది, ఏకాంతానికి కాదు. ఔనియాటిలో ఉండే భకతులు, అంటే మఠవాసులు, బ్రహ్మచారులే కదా అన్న ఆక్షేపణ ఇంకా గట్టిది. నిజమే, హాటీలనే వరస గదుల్లో వాళ్లు పెళ్లి లేకుండానే బతుకుతారు. అయితే సత్రం నడిబొడ్డున ఉండేది నామఘర్, ఊరంతా కూర్చునే కీర్తనశాల. పురాణకథలను భావోనాలనే నాటకాలుగా ఆడిందీ జనం కోసమే. మన కూచిపూడి భాగవతుల్లాగే ఇక్కడా స్త్రీపాత్రలు మగవాళ్లే వేశారు. ఆ ప్రదర్శనల్లోని నాట్యమే సత్రియా పేరుతో 2000లో సంగీత నాటక అకాడమీ శాస్త్రీయ నృత్యాల్లో చేరింది. లోకాన్ని వదులుకున్న మఠమే అయితే 1871లో 'అసం బిలాసినీ' అనే పత్రికను ఔనియాటి ఎందుకు అచ్చు వేయించింది? ఏకాంతవాదులు జవాబు చెప్పాల్సిన ప్రశ్న ఇది.

దీవిని ఇచ్చిన నదే ఇప్పుడు దాన్ని తినేస్తోంది. 1950 ఆగస్టు 15 భూకంపం తర్వాత కోత ఉధృతమైంది. గత శతాబ్ది మొదట్లో వెయ్యి చదరపు కిలోమీటర్లు దాటిన నేలలో సగం కూడా మిగల్లేదు. గురుశిష్యులు కలుసుకున్న బెలగురి నీళ్లలో కలిసిపోయింది. అయినా ఒడ్డు తెగిన పలు సత్రాలు మూతపడలేదు. పూజలో నిలిపే గ్రంథాన్ని, గురువు పేరును, పాటలను వెంటబెట్టుకుని జోర్హాట్ వైపుకూ మరో చోటికీ తరలి, అక్కడ మళ్లీ నామఘర్ కట్టుకున్నాయి.