మంచాల (మంత్రాలయం)

మంచాల, కర్నూలు జిల్లా పశ్చిమ భాగమున తుంగభద్రా నది దక్షిణపు ఒడ్డున ఉన్న గ్రామము. ఎమ్మిగనూరుకు సుమారు 20 కి.మీ., ఆదోనికి సుమారు 50 కి.మీ. దూరములో ఉన్నది. నేడు ఈ ఊరు మంత్రాలయం అను పేరుతోనే ప్రసిద్ధము. పాత పేరు ముఖ్యముగా గ్రామదేవత మంచాలమ్మలో నిలిచి ఉన్నది. రాఘవేంద్రస్వామి బృందావనమునకు వచ్చువారు ముందుగా మంచాలమ్మను దర్శించుట ఆచారము. నదికి ఆవలి ఒడ్డు కర్ణాటకలోని రాయచూరు జిల్లా. అందువలన ఊరిలో తెలుగుతో పాటు కన్నడము కూడా వినిపించును.

చరిత్ర

17వ శతాబ్దములో ఆదోని సీమ బీజాపూరు సుల్తానుల ఏలుబడిలో ఉండెను. ఆదోని పాలకుడైన సిద్ది మసూద్ ఖాన్ ఈ గ్రామమును రాఘవేంద్ర తీర్థులకు దానమిచ్చెనని మఠ సంప్రదాయము. సారవంతమైన గ్రామములు ఇవ్వజూపినను స్వామి ఈ బీడు పల్లెనే కోరెనని, పూర్వము ప్రహ్లాదుడు ఇచట యజ్ఞము చేసెనని ఆయన కారణము చెప్పెనని ప్రతీతి. 1671లో స్వామి ఇచట సజీవముగా బృందావన ప్రవేశము చేసెనని భక్తుల విశ్వాసము. నాటి నుండి మంచాల చరిత్ర మఠము చరిత్రతో కలిసిపోయినది.

1800లో నిజాము ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి అప్పగించగా, ఇది దత్తమండలములలో చేరినది. నదికి ఈవల కంపెనీ, ఆవల నిజాము. ఈనాముల విచారణలో మంచాల ఈనాము రద్దగు ప్రమాదము ఏర్పడెననియు, విచారణకు వచ్చిన థామస్ మన్రోతో స్వామి బృందావనము నుండి మాటలాడి ఈనామును నిలుపుకొనెననియు ప్రసిద్ధమైన కథ ఉన్నది. ఆ సంభాషణ మన్రోకు తప్ప ఇతరులకు వినబడలేదట. ఇది విశ్వాసమునకు సంబంధించిన విషయము. అయితే ఈ కథలో మన్రోను తరచుగా "బళ్ళారి కలెక్టరు" అని వ్రాయుట సరికాదు. ఆయన 1800 నుండి 1807 వరకు దత్తమండలములన్నిటికి ప్రధాన కలెక్టరు; బళ్ళారి జిల్లా ఏర్పడినది 1808లో. తరువాత మద్రాసు గవర్నరైన మన్రో 1827 జూలై 6న ఇదే ప్రాంతములోని పత్తికొండ వద్ద కలరాతో మరణించెను.

1871లో బొంబాయి, మద్రాసు రైలు మార్గములు రాయచూరు వద్ద కలిసినవి. బృందావన ప్రవేశమునకు అప్పటికి సరిగా 200 సంవత్సరములు. ఈ మార్గముపై ఉన్న మంత్రాలయం రోడ్ స్టేషను నుండి నేటికీ రోడ్డు ప్రయాణము చేయవలెను. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినపుడు ఆదోని తాలూకా బళ్ళారి జిల్లా నుండి కర్నూలు జిల్లాకు మారినది.

నది, వరద

వేసవిలో తుంగభద్ర ఇచట ఇసుక, బండల మధ్య సన్నని పాయగా మిగులును. వర్షాభావమునకు పేరుపడిన ఈ సీమలో ముంపును ఊహించుట కష్టమే. 2009 అక్టోబరు మొదటి వారములో నది పొంగి మఠముతో సహా ఊరంతయు మునిగినది. యాత్రికులు భవనముల పైఅంతస్తులలో చిక్కుకొనిరి. అదే వరదలో కర్నూలు నగరము కూడా మునిగినది. నదిలో నీరు తీసిన తరువాత మఠములోని బురద తొలగించి పూజలు తిరిగి ప్రారంభించిరి.