బాలవితంతువుల దుఃఖము: సుబ్బలక్ష్మిగారి గృహము

చావు జరిగిన యింటికి పరామర్శకు బోవుట మనలో నెవ్వరును మానని ధర్మము. బంధువులు వత్తురు, పొయ్యి రాజని యింటికి అన్నము వండి తెత్తురు, దుఃఖించువారిని ఒంటిగా విడువరు. ఈ యాచారములోని మంచిని మేము కాదనము. కాని పూర్వము చనిపోయినది భర్తయు, మిగిలినది బాలికయు నైనప్పుడు, ఈ యాదరణమే శిక్షగా మారుచుండెను. ఓదార్చవచ్చినవారే బొట్టు చెరిపించి, గాజులు తీయించి, ఆమెను వెనుకటి గదిలో గూర్చుండబెట్టిరి. బ్రాహ్మణ కుటుంబములందు యుక్తవయస్సు రాగానే తలయు గొరిగించిరి. పదేండ్ల పిల్లకు మగడు పోయిన దుఃఖ మెంత తెలియును? ఆమెకు దుఃఖమును నేర్పినవారు ఇంటివారే యని మా యభిప్రాయము.

ఈ వ్యాధికి కందుకూరి వీరేశలింగము పంతులుగారు పునర్వివాహమే మందని నమ్మి, 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహమును జరిపించిరి. ఆ కథ మన పాఠకు లెరిగినదే. మదరాసులో వేరొక త్రోవ తీసినవారు సుబ్బలక్ష్మిగారు.

ఆమె 1886లో మైలాపురమున జన్మించెను. పదునొకండవయేట పెండ్లి జరిగెను. కొలది కాలమునకే భర్త గతించెను. తండ్రి సుబ్రహ్మణ్య అయ్యరుగారు కూతురి తల గొరిగింపలేదు, చదువు చెప్పించెను. వినుటకు చిన్నమాటయే. కాని వెలివేయుదుమని కులమువారు బెదరించుచుండగా, వీధిలో జనులు ఆ పిల్లను ఎగతాళి చేయుచుండగా, ఏండ్ల తరబడి ఆ నిర్ణయముపై నిలుచుట చిన్నపని కాదు. ఓదార్పుమాట లెవరైనను చెప్పగలరు. నింద పంచుకొనువారు అరుదు. ఇంటిలోనే బాల్యమున భర్తను గోల్పోయిన పినతల్లి యొకతె యుండెను. 1911లో సుబ్బలక్ష్మిగారు ప్రెసిడెన్సీ కళాశాలనుండి పట్టము పుచ్చుకొనిరి. ఆ రాజధానిలో హిందూ వితంతువులలో ఆమెయే మొదటి పట్టభద్రురాలు.

పిమ్మట ఎగ్మూరులో నలుగురు బాలవితంతువులతో గృహము మొదలయ్యెను. పినతల్లియే ఆ పిల్లలకు పెద్దదిక్కు. బాలికాపాఠశాలల పరీక్షాధికారిణి లించి దొరసాని ప్రభుత్వముచేత సాయము చేయించెను. పిల్లలు పెరుగగా గృహము సముద్రతీరమునందలి ఐస్‌హౌసునకు మారెను. అది 1842లో అమెరికానుండి ఓడలపై వచ్చు మంచుగడ్డలను నిలువచేయుటకు కట్టిన కట్టడము! అందు వెనుకటి గది యనునది లేదు. తనవంటివారే చుట్టునున్నచోట "నీ కర్మ" యని యెవరు ఎవరి ననగలరు? పాఠము, వంట, పరీక్ష, ఆట, ఇవియే అక్కడి దినచర్య. సానుభూతికంటె ఇట్టి సహవాసమే ఎక్కువ పనిచేసినదని మాకు తోచుచున్నది.

లోపములు లేకపోలేదు. ఆ గృహము బ్రాహ్మణ బాలికలకే పరిమితము. లేనిచో తలిదండ్రులు పంపెడివారు కారు. పునర్వివాహమును ఆమె యుద్యమముగా జేపట్టలేదు. వీరేశలింగము పంతులుగారి సాహసమునకు అలవాటుపడిన మనకు ఇది కొంత వెనుకడుగుగా గన్పట్టును. అయినను పెండ్లి కోరని వితంతువుకు పంతులుగారి త్రోవలో చోటు తక్కువ. ఈమె త్రోవలో నట్టివారికి జీతము, గౌరవము రెండును దొరికినవి.

పసిపిల్లల మాట యట్లుండగా, నిజముగా కాపురము చేసి భర్తను గోల్పోయిన స్త్రీల శోకము వేరు. వారికి ఐస్‌హౌసున స్థలము లేకపోయెను. వారికొరకు 1927లో శారదా విద్యాలయము వెలసెను. బిడ్డల తల్లులు పలకబలపములు పట్టి మరల మొదటి తరగతులనుండి చదువసాగిరి. 1938లో ఆ విద్యాలయము రామకృష్ణ మిషను వారి యాజమాన్యములోనికి వచ్చెను.