లైట్ కలర్సు

చెల్లి పెళ్లికి నెల ముందు అమ్మని తీసుకుని ఎలమంచిలి మెయిన్ రోడ్డులో ఒక బట్టల షాపుకి వెళ్లాం. పరుపు మీద కూర్చోగానే కౌంటర్ ఆయన అమ్మ నుదుటి వైపు ఒకసారి చూసి, కుర్రాడితో "అమ్మగారికి లైట్ కలర్సు తియ్యరా" అన్నాడు. బూడిద రంగు, గంధం రంగు, లేత నీలం. నాన్న పోయి ఆరేళ్లయింది. ఆ సంగతి ఆయనకి ఎవరూ చెప్పలేదు. అమ్మ ఏమీ అనకుండా గంధం రంగు చీర చేతిలోకి తీసుకుంది.

ఆ రాత్రి నన్నొక ప్రశ్న పట్టుకుంది. ఇన్ని మారాయి కదా, ఈ రంగుల లెక్క ఎందుకు మారలేదు?

మన సంస్కరణల చరిత్ర అందరం బళ్లో చదువుకున్నదే. 1856లో వితంతు పునర్వివాహ చట్టం వచ్చింది. పాతికేళ్ల తర్వాత, 1881 డిసెంబర్ 11న, వీరేశలింగం రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించారు. కాకినాడ వ్యాపారి పైడా రామకృష్ణయ్య డబ్బుతో అండగా నిలిచారు. ఊరు వెలివేసినా ఆగలేదు. ఇది ఎక్కడో జరిగిన కథ కాదు, మా ఊళ్లో రైలెక్కితే రెండు మూడు గంటల దూరం.

అయితే ఆ పోరాటం ముఖ్యంగా బాలవితంతువుల కోసం. అప్పటికి అదే పెద్ద మంట, ముందు దాన్నే ఆర్పాలి. వితంతువు పెళ్లి చేసుకోవచ్చా అన్నదానికి చట్టం జవాబిచ్చింది. వితంతువు తన కూతురి పెళ్లిలో ఏ చీర కట్టుకోవాలి, ఎక్కడ నిలబడాలి అన్నది మాత్రం చుట్టాలకీ, షాపు వాళ్లకీ వదిలేసింది.

భర్త ఉన్న తల్లి మాటైనా ఎంత చెల్లింది గనక? 1892లో విజయనగరంలో తొలిసారి ఆడిన 'కన్యాశుల్కం'లో అగ్నిహోత్రావధాన్లు చిన్న కూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లకి అమ్మబోతాడు. వద్దని చెప్పడానికి తల్లి వెంకమ్మకి దొరికిన దారి నుయ్యి ఒక్కటే. మనం గిరీశం డైలాగులు గుర్తుపెట్టుకున్నాం, వెంకమ్మని మర్చిపోయాం.

2022 మేలో మహారాష్ట్రలో, కొల్హాపూర్ జిల్లా హెర్వాడ్ గ్రామ పంచాయతీ ఒక తీర్మానం చేసింది. భర్త పోతే గాజులు పగలగొట్టడం, బొట్టు చెరపడం ఇక మానెయ్యాలని. పెద్ద చట్టాలు దిగిరాని చోటికి, అంటే అద్దం ముందుకి, ఒక పల్లెటూరి పంచాయతీ వచ్చింది.

ఇదంతా చెల్లికి చెబితే, "అన్నయ్యా, చదివింది చాలు, పద" అంది. మర్నాడు అదే షాపుకి వెళ్లి ఆకుపచ్చ ఉప్పాడ చీర తీయించింది, ఎర్రంచుది. అమ్మ "జనం ఏమనుకుంటారే" అంది. "అనుకోనీ, వాళ్లకి భోజనం పెడుతున్నాం కదా" అంది చెల్లి.

పెళ్లిరోజు కన్యాదానం పీటల మీద బాబాయి, పిన్ని కూర్చున్నారు. దంపతులే కూర్చోవాలి మరి, ఆ ఒక్కదానితో మేం వాదించలేకపోయాం. అమ్మ మెల్లగా వంటల వైపు జారుకుంటుంటే చెల్లి పిలిపించి దగ్గర నిలబెట్టుకుంది. ఇప్పుడు ఆల్బం తెరిస్తే ముందుగా ఆ ఆకుపచ్చే కనిపిస్తుంది. పీట మీద కాదు, పీట పక్కన.