మూలుగ ఎముకల నౌకాదళం

ఈ పేజీ మీ చేతికొచ్చే వేళకి చాలా ఇళ్లలో మటన్ పొయ్యి మీద ఉడుకుతూ ఉంటుంది. ఆదివారం కదా. నల్లి బొక్క ఎవరి కంచంలో పడాలన్న తగువు తీరి, మూలుగ పీల్చేశాక ఆ ఎముక వీధికుక్కకో చెత్తబుట్టకో పోతుంది. రెండు వందల ఏళ్ల కిందట ఇంగ్లండు జైళ్లలో మగ్గిన ఫ్రెంచి కళాసులు మాత్రం దాన్ని పారేయలేదు. గీకి, ఎండబెట్టి, సన్నని పలకలుగా కోసి దానితో యుద్ధనౌకలు కట్టారు. మూడు తెరచాప కొయ్యలు, వరసకట్టిన ఫిరంగులు, మోకులు, నిచ్చెనలు, ముక్కు మీద కత్తిదూసిన వీరుడి బొమ్మ అన్నీ ఉన్న ఓడ, బల్ల మీద పట్టేంత ఓడ.

ఆ కళాసులకూ మన తీరానికీ ఒక పాత పరిచయం ఉంది. తీపిదేమీ కాదు. 1804 సెప్టెంబరు 15న ఫ్రెంచి అడ్మిరల్ లిన్వా మూడు ఓడలతో విశాఖపట్నం రేవు మీదికొచ్చాడు. అక్కడ లంగరు వేసుకుని ఉన్న బ్రిటిష్ యుద్ధనౌక సెంచూరియన్ మీద గుళ్లు కురిపించాడు. సెంచూరియన్ కెప్టెన్ జేమ్స్ లిండ్ ఆ పొద్దున ఒడ్డునే ఉండిపోయాడు. పోరు మొదలయ్యాక చిన్న పడవెక్కి తన ఓడకు తాను పరుగెత్తాల్సి వచ్చింది. ఒడ్డు మీది ఫిరంగులూ గొంతు కలిపాయి. చివరికి లిన్వా ప్రిన్సెస్ షార్లెట్ అనే సరుకు ఓడను పట్టుకుని, సెంచూరియన్‌ను ముంచకుండానే తిరిగి వెళ్లిపోయాడు. అతనెక్కిన పెద్ద ఓడ మారెంగో, 74 ఫిరంగులది. స్వదేశానికి మళ్లిన ఆ ఓడ 1806 మార్చి 13న అట్లాంటిక్‌లో బ్రిటిష్ దళానికి చిక్కింది. విశాఖ మీద గుళ్లు పేల్చిన ఓడ సిబ్బంది ఖైదీలై ఇంగ్లండు చేరారు. అడ్మిరల్ సైతం 1814 దాకా అక్కడే ఉండిపోయాడు.

అన్నేళ్లు ఎందుకంటే, అంతకుముందు యుద్ధాల్లో ఇరుపక్షాలూ ఖైదీలను మార్చుకునేవి. 1803 తర్వాత ఆ బేరం కుదరలేదు. నెపోలియన్ ఓడిపోయేదాకా, 11 ఏళ్ల కాలంలో, లక్షకు పైగా ఖైదీలు ఇంగ్లండులో పోగయ్యారు. అధికారులైతే పారిపోమని మాట ఇచ్చి ఊళ్లలో అద్దె ఇళ్లలో ఉండొచ్చు. మామూలు కళాసీకి రెండే చోట్లు. ఒకటి నేల మీది జైలు. రెండోది పోర్ట్స్‌మత్, ప్లిమత్, చాథమ్ రేవుల్లో కొయ్యలు పీకేసి కట్టిపడేసిన పాత యుద్ధనౌక. కొయ్యల్లేని ఓడలో కూర్చుని కొయ్యలున్న ఓడ చేయడమన్నమాట.

నేల మీది జైళ్లలో పేరుపడ్డది పీటర్‌బరో దగ్గరి నార్మన్ క్రాస్. యుద్ధఖైదీల కోసమే ప్రత్యేకంగా కట్టిన తొలి శిబిరం అది. కొన్ని నెలల్లోనే కలపతో లేపేసి 1797లో తెరిచారు. అక్కడ ఒక్కోసారి ఆరేడు వేల మంది ఉండేవారు. 1800 చలికాలంలో అంటురోగం పట్టి గుట్టలుగా చనిపోయారు. 1914లో లేపిన స్మారక స్తంభం మీద చెక్కిన మొత్తం మరణాల లెక్క 1,770. బతికున్నవాళ్లకు తిండి లెక్క ప్రకారం దొరికేది: మనిషికి రోజుకి ఒకటిన్నర పౌన్ల రొట్టె, వారంలో ఐదు రోజులు అర పౌను గొడ్డుమాంసం, మిగతా రెండు రోజులు చేప. మాంసమంతా పెద్ద కాగుల్లో ఉడికేది. కాగు అడుగున మిగిలేది ఎముకలు. జైల్లో ఖర్చు లేకుండా దొరికే ముడిసరుకు అది. దానికి తోడు బోలెడంత తీరిక.

తీరికొక్కటే ఉంటే ఓడ పుట్టదు. ఆ ఖైదీల్లో వడ్రంగులు, కమ్మరులు, గడియారాల పనివాళ్లు ఉన్నారు. నార్మండీ తీరంలోని దియెప్ పట్టణం నుంచి వచ్చినవాళ్లూ ఉండివుంటారు. ఏనుగు దంతం చెక్కడంలో ఆ ఊరిది తరాల నాటి పేరు. ఒకరు ఓడ మేను కడితే ఒకరు బొమ్మ చెక్కేవారు, మరొకరు మోకులు బిగించేవారు.

పని ఎలా సాగేదో మిగిలిన ఓడలు చూస్తే తెలుస్తుంది. ముందు ఎముకను మళ్లీ ఉడికించి కొవ్వంతా వదలగొట్టాలి. కొవ్వు మిగిలితే ఏడాదిలో పసుపుపచ్చ మరకలు తేలతాయి. తర్వాత ఎండ. ఇంగ్లండు ఎండ అంటే మనకు నవ్వొస్తుంది గానీ, తెల్లబడటానికి చాలు. గొడ్డు కాలెముకను నిలువునా కోస్తే చదునైన బద్దలు వస్తాయి. ఆ ఎముక పొడవే పలక పొడవుకు హద్దు. అందుకే ఈ ఓడల పక్కలు దగ్గరగా చూస్తే పొట్టి పొట్టి బద్దల అతుకులే. చిత్రం ఏమిటంటే అసలు ఓడల పక్కలూ అలాగే ఉంటాయి. అడవిలో ఏ చెట్టూ ఓడ పొడవు ఉండదు కదా.

లోపల కొయ్యను తొలిచి చేసిన దిమ్మ. దాని మీద ఈ ఎముక బద్దలు పేర్చి, బద్దబద్దకూ సన్నని ఇత్తడి తీగ ముక్కలను శీలల్లా దిగ్గొట్టి, తలలు ఆకురాయితో సాపు చేసేవారు. పెద్ద ఓడ ఒక్కదానిలో ఆ శీలలు వందలు దాటతాయి. ఎముక ఎండితే పెళుసు, వంచితే పుటుక్కుమంటుంది. ఓడ ముక్కు దగ్గర వంపు తీరాలంటే బద్దను బాగా పలచన చేసి, తడిగా ఉండగానే కొంచెం కొంచెంగా దిమ్మకు ఒత్తుతూ శీల వేయాలి. పలక ముక్కు వైపు పోయేకొద్దీ వెడల్పు కూడా తగ్గాలి. తగ్గించకపోతే ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. ఈనాడు కొయ్యతో నమూనాలు కట్టేవాళ్లను అడిగినా చేయి తిరిగేదాకా ఏడిపించేది ఈ ముక్కు దగ్గరి వంపే అంటారు. వాళ్లు పలకను నీళ్లలో నానబెట్టి వేడి చూపిస్తారు. శీలలకు వెదురు వాడతారు. వెదురు పుల్లను ఉక్కు రేకులో పెద్ద కన్నంలోంచి మొదలుపెట్టి చిన్న కన్నాల్లోకి లాగుతూ లాగుతూ అర మిల్లీమీటరుకు దించుతారు. మన కంసాలి కమ్మచ్చులో వెండి తీగ లాగినట్టే.

కొయ్య మీద ఎముక పరిచి శీలలతో బిగించే ఈ పని అంటే గుర్తొచ్చేది అచ్చంగా ఆ కాలపు విశాఖపట్నమే. అక్కడి కంసాలులు అప్పుడు కంపెనీ దొరల కోసం పెట్టెలు, కుర్చీలు, రాత బల్లలు చేస్తున్నారు. కొయ్య మీద పలచని దంతపు రేకులు అమర్చి, వాటి మీద తీగలూ పువ్వులూ గీసి, గీతల్లో నల్ల లక్క నింపేవారు. లిన్వా గుళ్లు పేల్చిన రేవులోంచే ఆ పెట్టెలు లండన్ వెళ్లేవి. ఇక్కడ ఏనుగు దంతం, అక్కడ కాగు అడుగు ఎముక. కొనే దొరలు మాత్రం ఒక్కరే.

ఇక కొలత సంగతి. ఇంగ్లండులోనే అంతకు నూటయాభై ఏళ్ల ముందు నుంచీ ఓడ నమూనాల శాస్త్రం ఒకటుంది. 17వ శతాబ్దం నడుమ నుంచి రాజు గారి నౌకాశాలల్లో బేరి చెక్కతో, బాక్స్‌వుడ్‌తో నమూనాలు చేయించేవారు. అసలు ఓడలో అడుగు ఉంటే నమూనాలో పావు అంగుళం, అంటే 48వ వంతు. కింది సగం పలకలు వేయకుండా పక్కటెముకలు కనబడేలా వదిలేవారు. శామ్యూల్ పీప్స్ 1660లో నౌకాదళ కార్యాలయంలో చేరి, 1662లో అనుభవమున్న ఒక నావికుడిని పెట్టుకుని ఓడ భాగాల పేర్లు ఒక నమూనా మీదే నేర్చుకున్నాడు. కొలతకు కట్టుబడ్డ ఆ నమూనాల ముందు ఖైదీల ఓడలను నిలబెడితే పరీక్ష తప్పుతాయి. కొయ్యలు కాస్త ఎక్కువ పొడుగు, మేను కాస్త ఎక్కువ సన్నం. ఫిరంగి కన్నాలు అసలు ఓడలో ఉన్నన్ని ఉండవు, లేదా అంతకంటే ఎక్కువ ఉంటాయి. వాళ్ల చేతిలో పటం లేదు, కొలబద్ద లేదు. ఉన్నది జ్ఞాపకం.

కానీ జ్ఞాపకం అన్ని చోట్లా ఒకేలా తప్పదు. నా మటుకు నాకు ఈ ఓడల్లో కళ్లు నిలిచేది అక్కడే. కళాసీకి ఓడ మేని ఆకారం బయట నుంచి ఎన్నడూ తీరిగ్గా చూసే పని పడదు. నీళ్ల కింది భాగమైతే కనబడదు కూడా. ఏళ్ల తరబడి రాత్రీ పగలూ ఎక్కి దిగింది మోకుల మీద. ఏ తాడు ఎక్కడ మొదలై ఏ కప్పీలోంచి పోయి ఎక్కడ ముడిపడుతుందో చీకట్లో వర్షంలో అతని చేతులకు తెలుసు. అందుకే పాత మోకులు చెడకుండా మిగిలిన ఓడల్లో మేను నాజూకు తప్పినా పైకట్టు మాత్రం నమ్మబుద్ధేస్తుంది.

ఆ పైకట్టుకు వాడింది పట్టుదారం, గుర్రపు వెంట్రుక, మనిషి వెంట్రుక. ఇది బీదరికమని అనుకుంటాం, లెక్క వేస్తే తెలివి అని తేలుతుంది. 74 ఫిరంగుల ఓడ ఫిరంగుల అంతస్తు పొడవు దాదాపు 55 మీటర్లు. 96వ వంతుకు తగ్గిస్తే 57 సెంటీమీటర్లు, బల్ల మీద కుదురుగా పడుతుంది. ఆ కొలతలో మనిషి వెంట్రుక మందం, అంటే మిల్లీమీటరులో పద్నాలుగో వంతు, అసలు ఓడ మీద దాదాపు ఏడు మిల్లీమీటర్ల తాడుతో సమానం. చిన్న తెరచాపను అదిమే సన్నపు తాడు అదే. అక్కడ నూలుదారం వాడి ఉంటే మోకంత లావు కనబడేది. కాకపోతే వెంట్రుక జారుతుంది, ముడి నిలవదు, ముడికో చుక్క జిగురు పడాలి. కొయ్యను పక్కలకు బిగించే తాళ్ల చివర మూడు కన్నాల బిళ్లలుంటాయి. అసలు ఓడ మీద పళ్లెమంత ఉండే ఆ బిళ్ల ఇక్కడ నాలుగు మిల్లీమీటర్లు. నాలుగు మిల్లీమీటర్ల ఎముక ముక్కలో మూడు కన్నాలు! నూనె దీపపు వెలుగులో!

సరుకు కొనేవాళ్లకు కావాల్సింది ఈ లెక్కలు కావు, వింత. అందుకే చాలా ఓడల్లో ఒక కీలు పెట్టారు. ఓడ లోపల ఫిరంగులన్నీ బద్దలకు కట్టి వెనక స్ప్రింగులు అమర్చారు. ఓడ వెనక నుంచో పీఠం కింద నుంచో రెండు పట్టుతాళ్లు వేలాడతాయి. తాడు లాగితే ఒక పక్క ఫిరంగులన్నీ ఒక్కసారి లోపలికి పోతాయి, వదిలితే బయటికి దూసుకొస్తాయి. జైలు గేటు దగ్గర సంత జరిగేది, చుట్టుపక్కల ఊళ్ల జనం అక్కడికొచ్చి ఎముక ఓడలు, గడ్డిపోచలతో నగిషీ చేసిన పెట్టెలు, ఆట సామాను కొనేవారు. కొన్ని సరుకులకు అడ్డు కూడా చెప్పారు. టోపీలకు గడ్డి అల్లి అమ్మకూడదన్నారు, ఊరివాళ్ల పొట్ట కొడుతుందని. ఓడలకు ఆ బెడద లేదు, ఇంగ్లీషువాడెవడూ వాటిని చేసి బతకడం లేదు కాబట్టి.

అమ్ముడుపోవాలంటే కొనేవాడికి నచ్చాలి. అందుకే ఈ ఓడల్లో చాలావాటి మీద ఎగిరేది బ్రిటిష్ జెండా, రాసి ఉండేది ఇంగ్లీషు పేరు. తనను ఓడించిన ఓడనే తను తిన్న కూరలోని ఎముకతో కట్టి, తన కాపలాదారు బంధువుకు అమ్మడం! ఇందులో కసి ఎంతో, బేరం ఎంతో చెప్పడం కష్టం. వచ్చిన డబ్బుతో కొందరు రొట్టె, పొగాకు కొనుక్కున్నారు. కొందరు మంచి పనిముట్లు, దంతం, తాబేటి డిప్ప కొని ఇంకా పెద్ద ఓడ మొదలుపెట్టారు. ఇంకొందరు జూదంలో బట్టలతో సహా పోగొట్టుకున్నారు. డార్ట్‌మూర్ జైల్లో అలాంటివాళ్ల గుంపును ‘రోమన్లు’ అనేవారు.

చేసినవాళ్ల సంతకాలు దాదాపు ఏ ఓడ మీదా ఉండవు. పేరు మిగుల్చుకున్నవాడు లూయీ గార్నరే, అతను చేసింది ఓడ కాదు, బొమ్మ. లిన్వా దళంలోని బెల్ పూల్ అనే ఓడ మీద గాయపడి, మారెంగోతో పాటే పట్టుబడ్డాడు. పోర్ట్స్‌మత్‌లో కొయ్యల్లేని ఓడల్లో ఎనిమిదేళ్లు గడిపాడు. అక్కడే సముద్ర దృశ్యాలు గీసి అమ్మి బతికాడు, విడుదలయ్యాక ఫ్రెంచి నౌకాదళ చిత్రకారుడయ్యాడు. అతని తిమింగిలాల వేట బొమ్మలను రచయిత మెల్విల్ ‘మోబీ డిక్’ నవలలో మెచ్చుకున్నాడు. జైలు రోజుల గురించి పుస్తకమూ రాశాడు. కాస్త ఉప్పూకారం దట్టించి రాశాడని చరిత్రకారుల మాట.

1814లో శాంతి కుదిరి ఖైదీలు ఇళ్లకు వెళ్లారు. నార్మన్ క్రాస్ జైలును రెండేళ్లకు విప్పి కలపగా అమ్మేశారు. ఎముకలు మాత్రం నిలిచాయి. పీటర్‌బరో మ్యూజియంలో ఆ శిబిరం పనితనం వందల కొద్దీ వస్తువులుగా ఉంది. అమెరికాలో అన్నాపొలిస్ నౌకాదళ అకాడమీ మ్యూజియంలో ఇంకో వింత చూడొచ్చు. హెన్రీ హడిల్‌స్టన్ రోజర్స్ అనే ధనవంతుడు 1935లో రాసిచ్చి పోయిన వందకు పైగా నమూనాలు అక్కడున్నాయి. పీప్స్ తర్వాత అదే కొలువు చేసిన చార్లెస్ సార్జిసన్ పోగేసిన 48వ వంతు రాచ నమూనాలూ వాటిలో ఉన్నాయి. అదే భవనంలో ఎముక ఓడలూ ఉన్నాయి. కొలత తప్పనివీ, తప్పినవీ ఒకే కప్పు కింద.

ఎముక గాలిలో తేమను బట్టి ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది, అందుకే వాటికి గాజుపెట్టె తప్పనిసరి. ఎముక కంటే ముందు పాడయ్యేది పట్టుతాడు. ఓడలో స్ప్రింగు ఉన్నది ఫిరంగులను బయటికి తోయడానికి, లోపలికి లాగేది తాడే. ఆ తాడు పుచ్చి తెగితే ఫిరంగులు బయటికే వచ్చి ఉండిపోతాయి, రెండు పక్కలా.