వస్త్రముపై పూచిన పూవులు

గత సంవత్సరము మా మనుమరాలు చదువు ముగించిన వస్త్రకళా విద్యాలయమున విద్యార్థుల ప్రదర్శనము జరుగగా, షోలాపురమునుండి మేమును వెళ్లి చూచితిమి. ఆమె కూర్చిన ఆరు దుస్తులకు ‘ప్రకృతి’ యని పేరు. ఒకదానిపై తామరతీగ, మఱియొకదానిపై మోదుగుపూలు, వేఱొకదానిపై చేప పొలుసులవంటి అద్దకము. చూచినవారు ఇది సరిక్రొత్త భావమని మెచ్చుకొనిరి. మాకును సంతోషమే కలిగెను. కాని మిల్లు కచేరీలో ముప్పదియేండ్లు తానుల లెక్కలు వ్రాసిన మాకు, ఈ భావమునకు గల పూర్వచరిత్రను మనవారికి జ్ఞప్తి చేయవలెనని తోచినది.

ఆ చరిత్రలో మచిలీపట్టణమునకు పెద్ద పీట గలదు. ఆంగ్లేయులు 1611లో అచ్చట కొఠీ పెట్టిరి. డచ్చివారు అంతకు కొలదియేండ్లు ముందే వచ్చియుండిరి. పూలు, తీగెలు, పక్షులు గల మన కలంకారీ వస్త్రములు ఓడలకెక్కి ఐరోపాకు పోయినవి. ఉదికినను వెలియని రంగులు అచ్చటివారికి వింతగా నుండెను.

ఆ రంగుల మర్మమెట్టిదనగా, బట్టను పలుమార్లు ఉదికి యెండబెట్టి, కరక్కాయ రసము కలిపిన పాలలో ముంచుదురు. పాలలోని క్రొవ్వు రంగును ప్రక్కకు ప్రాకనీయదు. ఇనుపముక్కలను బెల్లపునీటిలో పులియబెట్టిన కసిమి, కరక్కాయ తగిలినచోట నల్లనగును. ఎఱుపునకు పటికనీటితో వ్రాయుదురు. వ్రాయునప్పుడు అందు ఎఱుపు లేదు. చిరివేరుతో కాచిన పిదపనే అది తేలును. కృష్ణా ముఖద్వారపు నేలలో పెరిగిన చిరివేరునకు పూర్వము మిక్కిలి ప్రసిద్ధి యుండెను. నీలిరంగు కావలసినచో, తక్కిన భాగమును మైనముతో కప్పి నీలితొట్టిలో ముంచెడివారు. కావున ఆ వస్త్రమున ప్రకృతి బొమ్మలో మాత్రమే కాదు. వేరుగా, కాయగా, పాలుగా, ఏటినీరుగా, ఎండగా నూలుపోగులోనే యింకియున్నది.

అట్లని ఆ పూలన్నియు తోటలో చూచి వ్రాసినవి కావు. 1643లో లండనులోని కంపెనీవారు సూరత్తు కొఠీకి వ్రాయుచు, ఎఱ్ఱనేల తగ్గించి తెల్లనేలపై పూలకొమ్మలు గల వస్త్రములు పంపుమని కోరిరి. కొన్నవాని యిష్టము, వ్రాసినవాని నేర్పు కలసి, ఒకే చెట్టునకు పదివిధముల పూలు పూచినవి. అట్టి చెట్టు ఏ యడవిలోను లేదు. అయినను చూచిన కన్ను దానిని కాదనజాలదు.

ఈ వస్త్రముల వలన తమ పట్టు, ఉన్ని పనివారి జీవనము చెడునని ఫ్రాన్సు 1686లో నిషేధము విధించెను. ఇంగ్లండు 1700లోను 1721లోను చట్టములు చేసెను. నిషేధము సాగుచుండగనే, తెలుగు నేర్చి నిఘంటువు కూర్చిన కూర్డూ అను ఫ్రెంచి మతాచార్యుడు, తన శిష్యులైన అద్దకపువారినడిగి పనివిధానమంతయు 1742లో స్వదేశమునకు వ్రాసిపంపెను. ఫ్రాన్సులో 1759లో నిషేధము తొలగెను. మరుసటి యేడే ఓబర్కాంఫ్ జూయీ గ్రామమున అద్దకపు కర్మాగారము స్థాపించెను. 1869 తరువాత కర్మాగారపు ఎఱుపురంగు బజారునకు వచ్చి, చిరివేరు త్రవ్వువారికి పని లేకుండ చేసినది.

క్షీణించిన యీ విద్యకు 1950లలో కమలాదేవీ చట్టోపాధ్యాయగారి ప్రోత్సాహమున శ్రీకాళహస్తిలో శిక్షణము ఆరంభమైనది. నేడు వస్త్రకళా విద్యార్థులు పెడనకు, శ్రీకాళహస్తికి పోయి కలంకారీ పనివారియొద్ద కూర్చుండి నేర్చుకొనుచున్నారు. ఇది శుభము.

ఒక్కమాట మాత్రము విన్నవింతుము. లెక్కల పుస్తకముతో బ్రదికినవారము గనుక మా దృష్టి అటే పోవును. పాతకాలపు కొఠీల పద్దులలో తానుల సంఖ్యయు వెలయు గలవు. కలము పట్టిన చేతి పేరు సామాన్యముగా కానరాదు. మగ్గమును నమ్ముకొని ఊళ్లు విడిచి వచ్చిన మన కుటుంబములకు ఈ లోపమెట్టిదో వేఱుగ చెప్పనక్కఱలేదు. ప్రదర్శనము ముగిసిన పిదప మేము మనుమరాలిని, “అమ్మా, ఈ అద్దకము ఎవరు చేసిరి?” అని యడిగితిమి. ఆమె సమాధానము చెప్పక, తామరతీగ దుస్తుల లోపలి అంచు త్రిప్పి చూపెను. అచ్చట పెడన పనివారి దంపతుల పేర్లు రెండును తెలుగక్షరములతో కుట్టియుండెను.