వంశధార వెంట సైకిళ్ల మీద: గిడుగు వారు ఎక్కిన కొండల్లోకి



పోయిన డిసెంబరులో మేము ఆరుగురం సైకిళ్ల మీద పర్లాకిమిడి నుంచి గుణుపురం, అక్కడి నుంచి పుట్టాసింగి వైపు సవర ఊళ్ల దాకా వెళ్లి వచ్చాం. గ్రూపులో ఫొటోలు చూసి చాలామంది రాయమన్నారు. ఆలస్యమైంది. ఎందుకైందో చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది. కాస్త పొడుగ్గా ఉంటుంది, ఓపిక చేసుకోండి.

కావాలనే పాతపట్నంలో మొదలుపెట్టాం. తెల్లవారుజామున మంచులో టీ తాగి సైకిలెక్కితే, చెమట పట్టేలోపే దుకాణాల బోర్డులు తెలుగు నుంచి ఒడియాలోకి మారిపోయాయి. రోడ్డు అదే, పొలాలు అవే, కళ్లాల్లో వరికుప్పలు అవే. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి ఎస్టేటు రెండు ముక్కలైంది. పట్టణమూ మాలియా కొండలూ ఒరిస్సాకి వెళ్లాయి, మిగతాదాంట్లో ఎక్కువ భాగం మద్రాసులో ఉండిపోయింది. ఒడియా రాష్ట్రం కోసం గట్టిగా నిలబడిన కృష్ణచంద్ర గజపతి మహారాజా మరుసటి ఏడాది దానికి మొదటి ప్రధానమంత్రి అయ్యారు. మనవాళ్లు మేనత్త ఊరికి వెళ్లాలంటే రాష్ట్రం దాటాల్సి వచ్చింది. ఈ కథ మన మీటింగుల్లో అందరూ విన్నదే, అందుకే ఇక్కడ సాగదీయం.

పర్లాకిమిడి దాటాక రోడ్డుకి తోడుగా రైలు పట్టాలు వస్తాయి. మన పెద్దవాళ్లు ఇప్పటికీ 'చిన్న రైలు' అనే లైను ఇదే. నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లో వేశారు, 1931 నాటికి గుణుపురం చేరింది. రెండున్నర అడుగుల పట్టాల మీద 2004 దాకా నడిచింది. ఇప్పుడు అంతా బ్రాడ్ గేజ్. చిన్న రైలు ఎంత నిదానమంటే సైకిలు మీద దాన్ని దాటేసేవాళ్లమని మాలో పెద్దాయన గుణుపురం చేరేదాకా చెబుతూనే ఉన్నారు. ఆ వేళ ఆయన తొక్కుడు చూస్తే నమ్మబుద్ధి కాలేదు గానీ, పెద్దవారు కదా, ఒప్పేసుకున్నాం.

కాశీనగర్ దగ్గర వంశధార కనిపించింది. డిసెంబరు నీళ్లు, ఇసుక తిన్నెల మధ్య రెండు మూడు పాయలుగా పారుతోంది. ఇదే నది ఇక్కడి నుంచి కిందికి పోయి గొట్టా బ్యారేజీ, శ్రీముఖలింగం దాటి కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. శ్రీముఖలింగం దగ్గర్లోనే పర్వతాలపేట. గిడుగు వేంకట రామమూర్తి పంతులు గారు 1863 ఆగస్టు 29న పుట్టిన ఊరు. అంటే మేము తొక్కుతున్నది ఆయన నది వెంటే. కాశీనగర్‌లో ఇడ్లీలు తింటూ ఈ మాట అనుకున్నాం, సంబరపడ్డాం కూడా. ఏటా ఆగస్టు 29న మనం తెలుగు భాషా దినోత్సవం చేస్తాం, ఆయన ఫొటోకి దండ వేస్తాం, వ్యావహారిక భాష గురించి ఎవరో ఒకరు మాట్లాడతారు, పిల్లలు పద్యాలు చెబుతారు. 1880లో పదిహేడేళ్ల వయసులో పర్లాకిమిడి రాజావారి బడిలో మాస్టారుగా చేరి, యాభై ఏళ్లకి పైగా ఇక్కడే ఉన్నారు. 1936లో ఊరు ఒరిస్సాలో కలవగానే మనసు విరిగి రాజమండ్రి వెళ్లిపోయారు. ఆయన మనవాడు అని చెప్పుకోవడానికి మనకి ఇంతకన్నా ఏం కావాలి?

కానీ ఆ యాభై ఏళ్లలో ఆయన చేసిన ఒక పనిని మనం ఉపన్యాసంలో ఒక్క వాక్యంలో దాటేస్తాం. "సవర భాషకి కూడా సేవ చేశారు" అంటాం, ముందుకెళ్లిపోతాం. ఆ వాక్యం వెనక ఏముందో గుణుపురం దాటాక గాని మాకు తెలియలేదు.

రెండో రోజు పొద్దున్న గుణుపురం నుంచి కొండ వైపు తిరిగాం. మొదట జీడి తోటలు, తర్వాత ఎత్తు. మైదానంలో గొప్పలు చెప్పుకున్నవాళ్లం అందరం చిన్న గేరులోకి వచ్చేశాం. ఒకరికి చైను ఊడింది, ఇద్దరం దిగి తోసుకుంటూ నడిచాం. మలుపు తిరిగిన ప్రతిచోటా లోయలో మెట్లు మెట్లుగా మడులు. రాళ్లు పేర్చి గట్లు కట్టి, పైనుంచి వాగు నీళ్లు ఒక మడి లోంచి ఇంకో మడిలోకి దిగేలా చేసిన సేద్యం. సిమెంటు లేదు, ఇంజనీరు లేడు. మన ఊళ్లో మొన్న కట్టిన కాలువ రెండు వానలకే కూలిందన్న సంగతి ఎవరో గుర్తు చేశారు.

ఒక ఊళ్లో ఆగాం. ఊరి పేరు రాయడం లేదు, కారణం ఉంది. వరుస ఇళ్లు, ఎర్రమట్టి గోడలు, ఇళ్ల ముందు పొడుగాటి అరుగు. ఒకరింట్లో చీకటి గోడ మీద తెల్లటి పిండి బొమ్మలు చూపించారు. దాన్ని ఇడితాల్ అంటారు. పూర్వీకులకీ దేవతలకీ గోడ మీద కట్టే ఇల్లు అనుకోండి. అందులో ఏనుగులు, గుర్రాలు, నాట్యం చేసే మనుషులు, ఒక మూల సైకిలు తొక్కుతున్న మనిషి! మేము నవ్వాం, ఆ ఇంటివాళ్లూ నవ్వారు. పెద్దలు వచ్చేటప్పుడు వాహనం ఉండాలి కదా అన్నారు.

అరుగు మీద కూర్చోబెట్టి చోడి అంబలి పోశారు. మాకు వచ్చిన ఒడియాలో మాట్లాడుతుంటే పక్కనున్న ముసలాయన చక్కటి తెలుగులో "మీరు కిమిడి వాళ్లా బాబూ?" అన్నాడు. వయసులో సంతలకి దిగేవాడట, శ్రీకాకుళం వైపు కూలికీ వెళ్లాడట. ఆయనకి సవర, ఒడియా, తెలుగు మూడూ వచ్చు. ఊరికే అడిగినట్టే అడిగాడు: "మా మాట మీకు ఒక్కటైనా వచ్చా?"

ఆరుగురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఒక్కటీ రాదు. మన తాతముత్తాతల నాటి నుంచీ ఈ కొండల కిందే ఉన్నాం. నీళ్లని ఏమంటారో తెలియదు.

తర్వాత ఎవరి పిల్లలు, ఏ వీధి అని మామూలుగానే అడిగాడు. మాలో ఒకరు తాతగారి పేరు చెప్పారు. ముసలాయన కాసేపు మాట్లాడలేదు. ఆ తాతగారు ఒకప్పుడు కొండమీద ఉప్పు, గుడ్డలు అమ్మి చింతపండు, కందులు కొన్న సావుకారు. "ఆయన దగ్గర రెండు కుంచాలు ఉండేవి. మాకు కొలిచేది ఒకటి, మా దగ్గర కొలుచుకునేది ఒకటి," అన్నాడు. వాళ్ల నాన్న అప్పు కింద రెండు పనస చెట్లూ వాగు పక్క మడీ రాసిచ్చాడట. అదేం కోపంగా చెప్పలేదు. ఫలానా ఏడు వానలు పడలేదు అన్నట్టు చెప్పాడు. మావాడు గ్లాసు కింద పెట్టి తల దించుకున్నాడు.

ఇదొక్క ఇంటి కథ కాదని ఇంటికొచ్చాక చదివితే తెలిసింది. వడ్డీకి హద్దు పెట్టడానికీ, కొండవాళ్ల భూమి మైదానం వాళ్ల చేతుల్లోకి పోకుండా ఆపడానికీ మద్రాసు ప్రభుత్వం గంజాం, విశాఖపట్నం ఏజెన్సీల కోసం 1917లో చట్టమే తెచ్చింది. ఒకరిద్దరు చేసిన తప్పుకి చట్టాలు రావు. కొండెక్కిన వ్యాపారుల్లో ఒడియా వాళ్లూ ఉన్నారు, ఇతరులూ ఉన్నారు. మనవాళ్లూ ఉన్నారు. మన సంఘ చరిత్ర పుస్తకంలో 'వర్తక రంగంలో మనవారు' అన్న అధ్యాయంలో ఈ ముక్క లేదు.

అదే కాలంలో అదే కొండలకి ఇంకో తెలుగాయన వెళ్లాడు. రామమూర్తి గారు సవరల్ని ఇంటికి పిలిచి, అన్నం పెట్టి, వాళ్ల దగ్గర కూర్చుని మాట నేర్చుకున్నారు. మాట చివర గొంతులో టక్కున ఆగిపోయే శబ్దాలున్న భాష అది. మన ద్రావిడ కుటుంబమూ కాదు, ఒడియా కుటుంబమూ కాదు, ముండా భాష. వాళ్ల లెక్క కూడా వేరు. పదమూడు అనాలంటే 'పన్నెండూ ఒకటీ' అంటారు. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు, క్వినైను వాడి వాడి చెవులు పోగొట్టుకున్నారు. చెవులతో నేర్చుకోవాల్సిన భాష కోసం చెవులే పోయాయి. సొంత డబ్బుతో సవర పిల్లలకి బళ్లు పెట్టారు, వాచకాలు రాశారు. 1931లో సవర వ్యాకరణ గ్రంథం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వచ్చాయి. అప్పటికి ఆయన వయసు డెబ్బై దాటింది. రెండేళ్లకి కన్నుమూశారు.

ఇంకో సంగతి. 1936 అంటే మనకి పర్లాకిమిడి పోయిన సంవత్సరం. అదే 1936 జూన్‌లో మంగేయి గొమాంగో అనే సవర పెద్ద తన భాషకి సొంత లిపి తయారు చేశారు. పేరు సొరంగ్ సొంపెంగ్, 24 అక్షరాలు. మనం భాష పోతుందని ఏడుస్తున్న ఏడాదే, పక్క కొండ మీద ఒక భాషకి అక్షరాలు పుట్టాయి. ఆ తారీఖు మనలో ఎంతమందికి తెలుసు? మాకూ తెలియదు, ఇప్పుడే తెలిసింది.

దిగేటప్పుడు ఎవరం పెద్దగా మాట్లాడుకోలేదు. బ్రేకులు పట్టీ పట్టీ చేతులు నొప్పెట్టాయి. గుణుపురంలో టీ దగ్గర మావాడే అన్నాడు, "రాయండి. మా తాత పేరు మాత్రం వద్దు." వాళ్లింట్లో పెద్దవాళ్లతో మాట్లాడి, వాళ్లూ సరేనన్నాక ఇది రాస్తున్నాం. ఆలస్యానికి కారణం అదే. ఆ పనస చెట్లు ఇప్పుడు ఎవరివో, కాగితాలు ఎక్కడున్నాయో ఆ ఇంటివాళ్లు వెతుకుతున్నారు. దొరికితే వాళ్లే చెబుతారు, మనం అడగొద్దు.

వచ్చే ఆగస్టు 29 సభకి మా ఆరుగురి తరఫున కార్యవర్గానికి రెండు కోరికలు ఇచ్చాం. ఆ రోజు వేదిక మీద ఒక సవర మాస్టారిని పిలిచి అరగంట సవరలో మాట్లాడించాలి, తెలుగులో చెప్పేవాళ్లని పక్కన పెట్టుకుందాం. రెండోది, చరిత్ర పుస్తకం మళ్లీ అచ్చు వేసేటప్పుడు వర్తకుల అధ్యాయంలో 1917 చట్టం సంగతి చేర్చాలి. "మన పరువు మనమే తీసుకుంటామా" అని ఇప్పటికే ఇద్దరు పెద్దలు ఫోను చేశారు. వారి మీద గౌరవం ఉంది. ఆ మాట మీటింగులోనే అనండి, మేమూ అక్కడే జవాబు చెబుతాం.

ఫిబ్రవరిలో మళ్లీ అదే ఊరికి వెళ్తున్నాం. వచ్చేవాళ్లు గేర్లున్న సైకిలు తెచ్చుకోండి, పంక్చరు సామాను ఎవరిది వాళ్లదే. ముసలాయన ఈలోగా నేర్చుకు రమ్మని పది మాటలు చెప్పి పంపాడు. మాకు ఇప్పటికి ఆరు వచ్చాయి.